దీపం వెలగనంత మాత్రాన లోపం లేనట్టేనా?
పొగ నియంత్రణ వ్యవస్థల స్వయం పరీక్ష – మన ట్రాక్టర్లకు అది నేర్పే పాఠం

వాహనం నడిపేవారి ఎదుట ఉండే పలకపై ఇంజిన్ ఆకారంలో ఒక పసుపుపచ్చ దీపం ఉంటుంది. తాళం తిప్పగానే ఒకసారి వెలిగి, ఇంజిన్ నడవగానే ఆరిపోతుంది. నడకలో ఉండగా అది మళ్లీ వెలిగితే ఇంజిన్‌లోనో, పొగను శుద్ధి చేసే ఏర్పాటులోనో ఏదో లోపం కనిపించిందని అర్థం. వెలగకపోతే అంతా సవ్యంగా ఉన్నదని మనం భావిస్తాం. ఈ రెండవ భావన అన్ని వేళలా నిజం కాదు. దీపం వెలగకపోవడానికి లోపం లేకపోవడం ఒక కారణం కావచ్చు. పరీక్ష ఇంకా జరగకపోవడం మరొక కారణం కావచ్చు. ఈ రెండింటి మధ్య తేడాను వాహనం తనంతట తానే నమోదు చేసుకుంటుంది. అయితే ఆ నమోదు యజమాని కంటపడే అవకాశం తక్కువ. పెద్ద ట్రాక్టర్లలోకి కూడా ఈ వ్యవస్థలు ప్రవేశిస్తున్న ఈ తరుణంలో ఆ తేడా రైతుకు తెలియవలసిన అవసరం ఉన్నదని, తెలియజెప్పే బాధ్యత వ్యవసాయ విద్యాసంస్థలపైన కూడా ఉన్నదని నా అభిప్రాయం. దానికి కారణాలను ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఆకు చెప్పిన సాక్ష్యం

వాహనాల పొగ వ్యవసాయ శాస్త్రానికి పరాయి విషయం కాదు. దాని చరిత్ర మొదలైనదే పంట పొలంలో. 1940 దశకంలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ పరిసరాలలో ఆకుకూరల మీద, పశుగ్రాసపు పైర్ల మీద అంతకుముందు ఎరుగని మచ్చలు కనిపించసాగాయి. ఆకు అడుగుభాగం వెండిలా, కంచులా మెరిసి, తరువాత ఎండిపోయేది. అది తెగులు కాదని, గాలిలోని విషవాయువుల ప్రభావమని అక్కడి సస్య శాస్త్రజ్ఞులు గుర్తించారు. అనాసపండు రుచికి, వాసనకు కారణమైన పదార్థాలపై పరిశోధన చేస్తున్న జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఆరీ హాగెన్-స్మిట్ దృష్టి ఈ సమస్యపై పడింది. వాహనాల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వెలువడే హైడ్రోకార్బన్లు, నత్రజని ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను, ఇతర ఆక్సీకరణ పదార్థాలను ఏర్పరుస్తాయని 1950 దశకం తొలినాళ్లలో ఆయన నిరూపించారు. ప్రయోగశాలలో తయారు చేసిన ఆ వాయువులను మొక్కలపై ప్రయోగించినప్పుడు పొలంలో కనిపించిన మచ్చలే ఏర్పడ్డాయి. 1967లో ఏర్పడిన కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి ఆయనే తొలి అధ్యక్షుడు. వాహనం తన పొగను తానే పరీక్షించుకోవాలన్న నిబంధనను ముందుగా తెచ్చినది కూడా ఆ మండలే.

గోధుమ, సోయాచిక్కుడు, పత్తి వంటి పంటల దిగుబడిని భూమట్టపు ఓజోన్ తగ్గిస్తుందని నేడు మనకు తెలుసు. డీజిల్ ఇంజిన్ పొగను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో చేర్చింది. పొలంలో రోజంతా ఆ పొగకు దగ్గరగా కూర్చునేది ట్రాక్టరు డ్రైవరే. అందువల్ల పొగ నియంత్రణ నగరాల సమస్య, మనకెందుకు అనే వాదనలో పస లేదు.

స్వయం పరీక్ష ఎందుకు అవసరమైంది?

కర్మాగారం నుంచి బయటకు వచ్చిన కొత్త వాహనం ప్రమాణాలకు లోబడి ఉండటం వేరు. లక్ష కిలోమీటర్లు నడిచిన తరువాత కూడా అలాగే ఉండటం వేరు. ఉత్ప్రేరకం పాడవుతుంది, గొట్టాలు పగులుతాయి, సెన్సార్లు మందగిస్తాయి. ఇవేవీ బండి లాగుడును వెంటనే తగ్గించవు కనుక యజమానికి తెలియవు. ఏడాదికొకసారి పొగ పరీక్ష చేయించినా, ఆ ఒక్కరోజు స్థితి మాత్రమే తెలుస్తుంది. ఈ లోటును పూరించడానికి కాలిఫోర్నియా 1988 నమూనా వాహనాల నుంచి మొదటి తరం స్వయం పరీక్ష వ్యవస్థను తప్పనిసరి చేసింది. అది ప్రధానంగా సెన్సార్ల తీగలు తెగాయా, సంకేతం వస్తున్నదా అన్నదే చూసేది. 1996 నమూనాల నాటికి అమెరికా అంతటా కార్లకు, తేలికపాటి ట్రక్కులకు అమలులోకి వచ్చిన రెండవ తరం వ్యవస్థ ఇంకొక అడుగు ముందుకు వేసింది. భాగం ఉన్నదా అని అడగడంతో ఆగకుండా, అది తన పని చేస్తున్నదా అని పరీక్షించడం మొదలుపెట్టింది. ఉద్గారాలు ప్రమాణానికి సాధారణంగా ఒకటిన్నర రెట్లు మించే స్థితికి ఏ భాగమైనా చెడితే దీపం వెలగాలన్నది అక్కడి జాతీయ నిబంధనల మూలసూత్రం.

వాహనం తన్ను తాను పరీక్షించుకునే తీరు

పెట్రోలు వాహనంలోని ఉత్ప్రేరక పరివర్తకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దానికి ముందొకటి, వెనుకొకటి ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి. ఇంజిన్‌కు అందే గాలి, ఇంధనం నిష్పత్తి క్షణక్షణం కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది కనుక ముందున్న సెన్సార్ సంకేతం కూడా పైకీ కిందికీ ఊగుతుంది. ఉత్ప్రేరకం ఆరోగ్యంగా ఉంటే, మిగులు ఆక్సిజన్‌ను తనలో నిలవ చేసుకొని, కొరత ఏర్పడినప్పుడు వదులుతుంది. అందువల్ల వెనుక సెన్సార్ సంకేతం నిలకడగా ఉంటుంది. ఉత్ప్రేరకం పాడైనకొద్దీ ఆ నిలవ శక్తి తగ్గి, వెనుక సంకేతం కూడా ముందుదానిలాగే ఊగడం మొదలవుతుంది. ఈ రెండింటి పోలికే పరీక్ష. పొగను నేరుగా కొలవకుండానే శుద్ధి చేసే భాగం శక్తిని అంచనా వేయడం ఇందులోని తెలివి.

సిలిండర్‌లో ఇంధనం మండకపోతే క్రాంక్ షాఫ్ట్ వేగంలో అతి స్వల్పమైన తగ్గుదల కనిపిస్తుంది. దానిని వాహనం నిరంతరం గమనిస్తుంది. పెట్రోలు ట్యాంకు, దాని గొట్టాలలో సుమారు అర మిల్లీమీటరు రంధ్రం ఉన్నా ఆవిరి బయటకు పోతున్నదని పసిగట్టడానికి వ్యవస్థను మూసివేసి, లోపలి పీడనం నిలుస్తున్నదా అని చూస్తుంది. డీజిల్ వాహనాలలో మసి వడపోతకు ముందు, వెనుక పీడనాల తేడాను బట్టి అది పూడిపోయిందో, పగిలిపోయిందో తెలుసుకుంటుంది. నత్రజని ఆక్సైడ్లను తొలగించే ఉత్ప్రేరకానికి ముందు, తరువాత ఆ వాయువుల పరిమాణాన్ని సెన్సార్లతో పోల్చి, అది ఎంతవరకు పనిచేస్తున్నదో లెక్కగడుతుంది.

ఒక్కసారి తేడా కనిపించగానే చాలా సందర్భాలలో దీపం వెలగదు. మొదటిసారి కనిపించిన లోపాన్ని తాత్కాలిక సంకేతంగా రాసుకుంటుంది. తరువాతి ప్రయాణంలో కూడా అదే లోపం కనిపిస్తే అప్పుడు స్థిరపరచి దీపం వెలిగిస్తుంది. ఒక మడిలో కనిపించిన తేడాను మరొక మడిలో కూడా చూసిన తరువాతనే నమ్మే మన క్షేత్ర ప్రయోగ పద్ధతికి ఇది దగ్గరగా ఉంది.

మూడవ సమాధానం

పై పరీక్షలలో కొన్ని నిరంతరం జరుగుతాయి. మరికొన్ని తగిన పరిస్థితులు కలిసివచ్చినప్పుడే జరుగుతాయి. ఉత్ప్రేరకం పరీక్షకు అది తగినంత వేడెక్కాలి, వాహనం కొంతసేపు నిలకడ వేగంతో నడవాలి. ఆవిరి పరీక్షకు ఇంజిన్ బాగా చల్లారి ఉండగా మొదలుపెట్టాలి. ట్యాంకులో పెట్రోలు మరీ తక్కువగా గానీ, నిండుగా గానీ ఉండకూడదు. ఈ పరిస్థితులు కలవకపోతే వాహనం రోజుల తరబడి నడిచినా ఆ పరీక్ష మాత్రం జరగదు.

అందుకే రెండవ తరం వ్యవస్థలో ప్రతి పరీక్షకు ఎదురుగా ఒక గుర్తు ఉంచారు. పరీక్ష పూర్తయిందా, పూర్తికాలేదా అని అది చెబుతుంది. లోపపు సంకేతాలను పరికరంతో చెరిపివేసినా, అనేక వాహనాలలో బ్యాటరీ తీగ ఊడదీసినా, ఈ గుర్తులన్నీ ‘పూర్తికాలేదు’ అనే స్థితికి తిరిగి వెళతాయి. పరీక్షకు వెళ్లే ముందురోజు సంకేతాలను చెరిపి దీపాన్ని ఆర్పుకొని వెళ్లేవారిని పట్టించేది ఈ ఏర్పాటే. దీపం వెలగకపోయినా, పరీక్షలు పూర్తికాలేదన్న గుర్తులు ఎక్కువగా ఉంటే అమెరికాలోని తనిఖీ కేంద్రం ఆ వాహనాన్ని తిప్పి పంపుతుంది. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం 1996 నుంచి 2000 వరకు నమూనాలకు రెండు, 2001 తరువాతి వాటికి ఒకటి మించి పూర్తికాని పరీక్షలు ఉండరాదు. 2010 నమూనాల నుంచి క్రమంగా ప్రవేశపెట్టిన శాశ్వత సంకేతాలనైతే పరికరంతో చెరపడం సాధ్యం కాదు. లోపం నిజంగా తొలగి, వాహనం తన్ను తాను మళ్లీ పరీక్షించుకొని సంతృప్తి చెందినప్పుడే అవి తొలగిపోతాయి.

ఈ మొత్తం వ్యవస్థలో నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఈ మూడవ సమాధానం. ‘లోపం ఉంది’, ‘లోపం లేదు’ అనే రెండింటితో సరిపెట్టకుండా, ‘ఇంకా చూడలేదు’ అని ఒప్పుకునే నిజాయితీ అందులో ఉంది. మన శాస్త్రంలో కూడా ఇదే నియమం. ప్రయోగంలో ఒక మడి పశువుల పాలైతే దాని దిగుబడిని సున్నా అని రాయం. అంకె లభించలేదని రాసి, గణాంక పద్ధతిలో తగిన సవరణ చేస్తాం. నేల ఆరోగ్య పత్రంలో జింకు గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆ నేలలో జింకు లోపం లేదని ఏ విస్తరణాధికారీ రైతుకు చెప్పకూడదు. ఖాళీ గడిని మంచి ఫలితంగా చదివితే నష్టపోయేది రైతే. దీపం విషయంలో కూడా అంతే.

స్వయం పరీక్షకు ఉన్న హద్దు

తన పరీక్షాపత్రాన్ని తానే దిద్దుకునే విద్యార్థిపై ఎంత నమ్మకం ఉంచవచ్చు అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వోక్స్‌వాగన్ సంస్థకు జారీచేసిన ఉల్లంఘన నోటీసు ఈ ప్రశ్నకు సమాధానం. ఆ సంస్థ డీజిల్ కార్లలోని సాఫ్ట్‌వేర్ ప్రయోగశాల పరీక్ష జరుగుతున్నదని గుర్తించి అప్పుడు మాత్రమే నియంత్రణను పూర్తిగా పనిచేయించేది. రోడ్డు మీద నత్రజని ఆక్సైడ్లు ప్రమాణానికి 40 రెట్ల వరకు వెలువడేవని ఆ నోటీసు పేర్కొంది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1 కోటి 10 లక్షల వాహనాలలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నదని సంస్థే అంగీకరించింది. ఇది బయటపడటానికి దారి చూపింది వాహనంలోని దీపం కాదు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్ల వెనుక కొలత పరికరాలను అమర్చి, రోడ్డు మీద నడిపి, 2014లో ప్రకటించిన ఫలితాలు. అంటే ఒక విశ్వవిద్యాలయం చేసిన క్షేత్ర ప్రయోగం.

దీని నుంచి స్వయం పరీక్ష నిరుపయోగమని తీర్మానించడం పొరపాటు. భాగాలు కాలక్రమంలో చెడిపోవడాన్ని కనిపెట్టడానికి దానికి సాటివచ్చేది లేదు. తయారీదారు ఉద్దేశపూర్వకంగా దాచినదాన్ని కనిపెట్టడం మాత్రం దాని వల్ల కాదు. లోపలి పరీక్షకు బయటి కొలత ఎప్పుడూ తోడుగా ఉండాలి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్ ఆరు ప్రమాణాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రోడ్డు మీది వాస్తవ ఉద్గారాల కొలతను, మరింత కట్టుదిట్టమైన స్వయం పరీక్షను జతచేయడంలోని ఆంతర్యం ఇదే.

ట్రాక్టరు దాకా వచ్చిన విషయం

ట్రాక్టర్ల ప్రమాణాలు వేరు. 50 అశ్వశక్తికి పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్ నాలుగవ దశ 2023 జనవరి 1 నుంచి మన దేశంలో అమలులోకి వచ్చింది. దేశంలో అమ్ముడయ్యే ట్రాక్టర్లలో అధికభాగం ఆ శక్తికి లోపువే కనుక ఇప్పటికి చాలామంది రైతులకు ఈ మార్పు తగలలేదు. అయితే మార్పు దిశ స్పష్టంగానే ఉంది. యూరప్‌లో 2019 నుంచి అమలవుతున్న ఐదవ దశ ప్రమాణాలు మసి కణాల బరువుతో పాటు వాటి సంఖ్యపై కూడా పరిమితి విధించాయి. దానివల్ల 19 కిలోవాట్లకు పైబడిన ఇంజిన్లకు మసి వడపోత దాదాపు అనివార్యమైంది. మన ఐదవ దశకు కూడా అదే నమూనా. నత్రజని ఆక్సైడ్ల నియంత్రణ, మసి నియంత్రణ పనిచేస్తున్నాయో లేదో యంత్రమే కనిపెట్టాలని, నత్రజని నియంత్రణలో లోపాన్ని సరిచేయకుండా నడిపితే ముందు హెచ్చరించి తరువాత ఇంజిన్ శక్తిని తగ్గించాలని యూరప్ నిబంధనలు చెబుతాయి.

శక్తి తగ్గడమంటే నగరంలో కారు యజమానికి ఒక అసౌకర్యం. వరికోతల వేళ మబ్బు పట్టిన రోజున యంత్రం శక్తి తగ్గితే రైతుకు అది పంట నష్టం. అమెరికా రైతులు ఏళ్ల తరబడి చెప్పుకొన్న బాధ ఇదే. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2025 ఆగస్టులో ఈ ఆకస్మిక శక్తి తగ్గింపును సడలించే మార్గదర్శకాలను ప్రకటించవలసి వచ్చింది. ఆ అనుభవం మన ముందుండగా మనం కూడా అదే దారిలో మొదటి నుంచి నడవవలసిన పని లేదు.

యూరియా సంగతి

నత్రజని ఆక్సైడ్లను తొలగించే ఏర్పాటులో యూరియా ద్రావణాన్ని వేడి పొగలోకి చిమ్ముతారు. అది అమ్మోనియాగా మారి, ఉత్ప్రేరకం మీద నత్రజని ఆక్సైడ్లతో కలిసి, నత్రజని వాయువును, నీటిని ఏర్పరుస్తుంది. నేలలో యూరియేజ్ ఎంజైమ్ చేసే పనిని ఇక్కడ వేడి చేస్తుందన్న మాట. ఆ ద్రావణంలో యూరియా 32.5 శాతం. ఈ మాట వినగానే ఎరువుల బస్తా గుర్తుకు రావడం సహజం. కొట్టులో బస్తా ఉండగా డబ్బాలో ద్రావణం కొనడం ఎందుకన్న ఆలోచన గ్రామాలలో తప్పక వస్తుంది. అందువల్ల సస్య శాస్త్రజ్ఞులే ముందుగా దీనిపై స్పష్టంగా చెప్పాలి.

మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం యూరియాలో బైయూరెట్ 1.5 శాతం వరకు ఉండవచ్చు. వాహనాల ద్రావణానికి అంతర్జాతీయ ప్రమాణం అనుమతించేది 0.3 శాతం మాత్రమే. 1.5 శాతం బైయూరెట్ ఉన్న ఎరువును 32.5 శాతం ద్రావణంగా మార్చితే అందులో బైయూరెట్ దాదాపు 0.49 శాతం అవుతుంది. అంటే పరిమితికి ఒకటిన్నర రెట్లకు పైనే. దీనికి తోడు మన యూరియా అంతటికీ 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. ఆ పూత నేలలో నత్రజనిని కాపాడుతుంది. చిమ్ముడు గొట్టానికి, ఉత్ప్రేరకానికి మాత్రం హాని. కలిపే నీటిలోని సున్నం, ఇతర లవణాలు మరొక బెడద. రాయితీ ఎరువును వ్యవసాయేతర అవసరానికి వాడటం చట్టరీత్యా కూడా నేరం.

ఇంకొక సంగతి నిలవకు సంబంధించినది. ఈ ద్రావణం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 18 నెలలు, 30 డిగ్రీల వద్ద ఏడాది, 35 డిగ్రీల వద్ద ఆరు నెలలు నాణ్యతను నిలుపుకొంటుందని ప్రమాణం చెబుతుంది. మన వేసవిలో రేకుల షెడ్డులో ఉంచిన డబ్బా అంతకంటే త్వరగా చెడుతుందని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ద్రావణం చెడినప్పుడు సెన్సార్ చెప్పేది ‘నత్రజని తొలగింపు తగ్గింది’ అన్న మాట వరకే. కారణం ద్రావణమా, సెన్సారా, ఉత్ప్రేరకమా అన్నది మనిషి తేల్చుకోవాలి. ఆకు పసుపు రంగుకు తిరిగినంత మాత్రాన నత్రజని లోపమో, ఇనుము లోపమో, మురుగు నీటి ప్రభావమో చెప్పలేం కదా. సంకేతం లక్షణాన్ని చెబుతుంది. కారణ నిర్ణయానికి చదువు, అనుభవం కావాలి. ఆ చదువు లేకపోతే ఒక డబ్బా ద్రావణంతో తీరే పనికి ఖరీదైన ఉత్ప్రేరకాన్ని మార్పించుకునే ప్రమాదం ఉంది.

పొలం పనిలో పరీక్షకు వీలు ఉన్నదా?

స్వయం పరీక్ష జరగాలంటే తగిన పరిస్థితులు కలవాలని ముందే చెప్పుకున్నాం. కారుకు నిర్ణయించిన పరిస్థితులు హైవే ప్రయాణాన్ని దృష్టిలో ఉంచుకున్నవి. మన ట్రాక్టరు పని తీరు వేరు. దమ్ములో ఇంజిన్ మీద భారం ఎక్కువ, వేగంలో హెచ్చుతగ్గులు ఎక్కువ. మందు పిచికారీకి, నీళ్ల ట్యాంకరుకు, ఊళ్లోకి ట్రాలీ లాగడానికి భారం తక్కువ, పొగలో వేడి తక్కువ. ఖరీఫ్‌కూ రబీకీ మధ్య బండి షెడ్డులో ఉండిపోతుంది. బ్యాటరీ దిగిపోకుండా తీగ ఊడదీసి పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. పైన చెప్పినట్లు, దానితో పూర్తయిన పరీక్షల గుర్తులు కూడా చెరిగిపోయే అవకాశం ఉంది. ఇటువంటి పనిచక్రంలో ఏ పరీక్ష ఎన్ని గంటలలో పూర్తవుతుంది, ఏది సీజన్ అంతా పూర్తికాకుండా మిగిలిపోతుంది అన్నవి కొలిచి చూడవలసిన విషయాలు. అవి తెలియకుండా దీపాన్ని నమ్మమని రైతుకు చెప్పడం శాస్త్రీయం కాదు.

మసి వడపోత విషయంలో మరొక జాగ్రత్త అవసరం. అందులో పేరుకున్న మసిని సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడికి తెచ్చి కాల్చివేయాలి. యంత్రం తన పీడనపు లెక్క చూసుకొని ఈ పనికి తానే పూనుకుంటుంది. ఎండిన వరిగడ్డి మధ్య నిలిచిన యంత్రంలో ఇది మొదలైతే నిప్పు ప్రమాదానికి ఆస్కారం ఉంది. దానిని తాత్కాలికంగా ఆపే మీట చాలా యంత్రాలలో ఉంటుంది. అయితే మీట నొక్కి నొక్కి వాయిదా వేస్తూ పోతే వడపోత పూడిపోతుంది. ఎప్పుడు ఆపాలి, ఎక్కడ నిలిపి కానివ్వాలి అన్నది డ్రైవరుకు నేర్పవలసిన పని.

చదివే హక్కు

ఈ వివరాలన్నీ రైతుకెందుకు, కంపెనీ సేవా కేంద్రం చూసుకుంటుంది కదా అనే వాదన ఉంది. సంకేతాలు బయటపెడితే నియంత్రణ వ్యవస్థనే తీసివేసేవారు పెరుగుతారన్న భయం కూడా ఉంది. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. మసి వడపోతను తొలగించి, సాఫ్ట్‌వేర్‌ను మార్చి నడిపేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. అయితే ఇక్కడ రెండు పనులను వేరుచేసి చూడాలి. సంకేతాన్ని చదవడం ఒకటి. సాఫ్ట్‌వేర్‌ను తిరగరాయడం మరొకటి. రెండవదానిని నిషేధించడం న్యాయమే. మొదటిదానిని అడ్డుకోవడానికి అది సాకు కారాదు. చదవడానికి వీలులేని రైతు, ప్రతి చిన్న సంకేతానికీ పట్టణం నుంచి మెకానిక్ వచ్చే దాకా పని ఆపుకోవలసిన రైతు, చివరకు ఆ వ్యవస్థనే పీకించివేయడానికి సిద్ధపడతాడు. గోప్యతే తొలగింపుకు దారితీస్తుంది.

అమెరికాలో 1990 నాటి స్వచ్ఛ వాయు చట్ట సవరణలు కార్ల ఉద్గార వ్యవస్థల మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు కూడా అందించాలని నిర్దేశించాయి. వ్యవసాయ యంత్రాలకు అటువంటి సదుపాయం కోసం రైతులు చాలాకాలం పోరాడవలసి వచ్చింది. కొలరాడో రాష్ట్రం 2023లో చేసిన చట్టం 2024 జనవరి 1 నుంచి వ్యవసాయ యంత్రాల మరమ్మతుకు కావలసిన పరికరాలను, సమాచారాన్ని రైతులకు అందించాలని చెప్పింది. ఉద్గార నియంత్రణ చట్టాన్ని సాకుగా చూపి స్వతంత్ర మరమ్మతును అడ్డుకోవడానికి వీలులేదని పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి 2023 ఆగస్టులో అక్కడి జాతీయ రైతు సంఘానికి రాసిన లేఖలో స్పష్టం చేశారు. పర్యావరణాన్ని కాపాడవలసిన సంస్థే ఈ మాట చెప్పడం గమనించదగినది.

చేయవలసిన పనులు

పై చర్చను బట్టి నాలుగు సూచనలు చేస్తున్నాను.

మొదటిది, ట్రాక్టరు పలక మీద మూడు స్థితులు విడివిడిగా, తెలుగు వంటి ప్రాంతీయ భాషలలో కనిపించాలి: సవ్యం, లోపం, పరీక్ష పూర్తికాలేదు. ఈ సమాచారం యంత్రంలో ఉండదగినదే. దానిని చూపించడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

రెండవది, సంకేతాలను, వాటి అర్థాన్ని, ముందుగా చూడవలసిన భాగాన్ని యజమాని, స్థానిక మెకానిక్ చదువుకునే వీలు అమ్మకపు నిబంధనలలోనే ఉండాలి. యంత్రానికి ఇచ్చే రాయితీకి దీనిని షరతుగా పెట్టవచ్చు.

మూడవది, బుద్నీలోను, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోను ఉన్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థల సేవలను దీనికి వినియోగించుకోవాలి. ఇంధన వినియోగం, లాగుడు శక్తితో పాటు, దమ్ము, దుక్కి, రవాణా, పీటీవో పనులలో స్వయం పరీక్షలు ఎన్ని గంటలకు పూర్తయ్యాయో కూడా పరీక్షా నివేదికలలో చేర్చాలి. బాపట్ల, మడకశిర, సంగారెడ్డి వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాలల స్నాతకోత్తర విద్యార్థులకు ఇది చక్కని పరిశోధనాంశం. రైతుల పొలాలలోనే కొలత పరికరాలతో ఉద్గారాలను కొలిచి, యంత్రం చెప్పినదానితో పోల్చి చూడటం కూడా అందులో భాగం కావాలి. వెస్ట్ వర్జీనియాలో ఒక విశ్వవిద్యాలయం చేసిన పని మన విశ్వవిద్యాలయాలకు అసాధ్యమైనది కాదు.

నాల్గవది, కృషి విజ్ఞాన కేంద్రాలలో ట్రాక్టరు డ్రైవర్లకు ఇచ్చే శిక్షణలో యూరియా ద్రావణం ఎంపిక, నిలవ, మసి కాల్చే వేళ జాగ్రత్తలు, సంకేతాలను చదవడం చేర్చాలి. ఎరువుల యూరియాను ఇంజిన్‌లో వాడరాదన్న సందేశాన్ని ఎరువుల దుకాణం దాకా చేర్చవలసినది మనమే.

కొత్త దశ ప్రమాణాలు చిన్న ట్రాక్టర్లకు విస్తరించేలోగా ఈ పనులు మొదలుకావాలి. విస్తరించిన తరువాత మొదలుపెడితే, అప్పటికే రైతులు ఆ దీపాన్ని శత్రువుగా భావించి, దానిని ఆర్పే మార్గం వెతుక్కొని ఉంటారు. దీపం వెలిగినప్పుడు ఏమి చేయాలో తెలిసిన రైతు, వెలగనప్పుడు దాని అర్థమేమిటో చూసుకోగల రైతు ఈ వ్యవస్థను నిలబెడతాడు. యంత్రం నమోదు చేసుకున్న సమాచారం యజమానికి కూడా అందాలన్నదే నా వాదనలోని సారాంశం.